కొక్కేనికి బొటనవేలు ఉండదు

మా ఇంట్లో మాట్లాడే పని మా ఆవిడది, వినే పని నాది. పెళ్ళైన కొత్తలోనే ఎవరూ చెప్పకుండా అలా పంచుకున్నాం. సంత రోజు సాయంత్రం గంప దించి, కాళ్ళు కడుక్కుంటూ మొదలుపెట్టేది. భోజనాలయ్యేసరికి సంతంతా మా వసారాలోకి వచ్చి కూర్చునేది. ఎవరు ఎంత బేరమాడారు, ఎవరి వంకాయల్లో పురుగుంది, ఎవరి కోడలు ఎవరిని చూసి మొహం తిప్పుకుంది, అన్నీ. నేను ఊ కొట్టేవాణ్ణి. మధ్యలో ఊ ఆగితే, "నిద్రపోతున్నావా?" అనేది. అంతకంటే నా వైపు నుంచి ఆవిడ ఏమీ అడగలేదు.

ఒకరోజు ఆవిడ పెరట్లో నాచు పట్టిన బండ మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, కొన్నాళ్ళకి విప్పారు, ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పాడు. ఎముక అతుక్కుంది గానీ పట్టు తిరిగి రాలేదు. నీళ్ళ చెంబు ఎత్తితే నీళ్ళు కొంగు మీద పడేవి.

చెంబుదేముంది, ఎడమ చేత్తో ఎత్తుకోవచ్చు. తక్కెడ అలా కాదు. మా సంతలో తక్కెడ కుడి చేత్తో ఎత్తి తూచాలి. కాడ మధ్యనున్న తాడు పట్టుకుని, చేయి గుండె ఎత్తున చాచి, ముల్లు నిలిచేదాకా కదలకుండా ఉండాలి. కొనేవాళ్ళు ముల్లునీ చూస్తారు, ఎత్తిన మనిషి మొహాన్నీ చూస్తారు. చెయ్యి నిలకడగా ఉంటే తూకం నిజం. ఎత్తలేని మనిషి సంతలో కూర్చోకూడదు. ఇది ఎవరూ పెట్టిన చట్టం కాదు, అందుకే ఎవరూ తీసెయ్యలేరు. మా ఆవిడ ఈ విద్య మా అమ్మ దగ్గర నేర్చుకుంది. మా అమ్మ ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా బిగబట్టేది.

మా అబ్బాయి అంకెలు పడే మిషన్ ఒకటి కొని తెచ్చాడు. ఆవిడ దాని మీద ఒక ఉల్లిపాయ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఈ అంకె ఎక్కడి నుంచి వస్తోందో కనపడదు కదరా అంది. మర్నాటికి దాని మీద గుడ్డ కప్పి అలమారాలో పెట్టేసింది. పోనీ నేను వచ్చి తక్కెడ పట్టుకుంటానన్నాను. "నువ్వు తక్కెడ పట్టుకుంటే నేనేం చెయ్యాలి, పక్కన తాళం వెయ్యాలా?" అంది. ఆ తర్వాత తక్కెడ కడిగి, తుడిచి, రాళ్ళతో సహా గోనెలో కట్టి అటకెక్కించింది. ఎక్కించింది నేనే. ఆవిడ కింద నిలబడి చూసింది.

అక్కడి నుంచి మాట తగ్గిపోయింది. ముందు సంత కబుర్లు పోయాయి, తర్వాత ఇరుగుపొరుగు కబుర్లు, చివరికి నన్ను తిట్టడం కూడా మానేసింది. తిట్లు ఆగినప్పుడు నాకు భయమేసింది. ఇంట్లో వినేవాళ్ళం ఇద్దరం మిగిలాం, చెప్పేవాళ్ళు లేరు. సంతకి మళ్ళీ పోకపోతే ఈ మనిషి నిలబడే ఎండిపోతుందని నాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

సెలవుకి వెళ్ళమన్నది మా అల్లుడు. బస్సు డిపోలో మెకానిక్కు. నాలుగు ఊళ్ళు తిరిగినవాడు. సెలవులు బడిపిల్లలకీ గుమాస్తాలకీ గానీ, రైతుకి సెలవంటే జ్వరమేనని నేననుకునేవాణ్ణి. అతను ఊరుకోలేదు. కొండలకి అవతల చిన్న చిన్న సంత ఊళ్ళున్నాయని, వారంలో రోజుకో ఊళ్ళో సంత జరుగుతుందని, పట్నం వాళ్ళు సెలవు పెట్టుకుని మరీ వచ్చి అవన్నీ తిరిగి చూసిపోతారని చెప్పాడు. గది కూడా మాట్లాడేశాడు.

మా ఆవిడ చాలా రోజుల తర్వాత ఒక పూర్తి మాట అంది. "బతుకంతా సంతలో కూర్చున్నదాన్ని సంత చూడ్డానికి పంపిస్తున్నాడా? చేపకి చెరువు చూపించినట్టుంది."

ఆ ఒక్క మాట కోసం నేను సరేనన్నాను.

గది ఒక బట్టలు కుట్టే ఆవిడ ఇంటి మేడ మీద. కింద ఆవిడ మిషన్ తొక్కుతుంటే పైన మా మంచినీళ్ళ గ్లాసు సన్నగా మోగేది. రెండు మంచాలు, ఒక కిటికీ, గోడకి ఒకటే మేకు. ఆ మేకుకి నా చొక్కా తగిలించాలా ఆవిడ సంచి తగిలించాలా అని మొదటి రోజు ఇద్దరం కాసేపు ఆలోచించాం. కుట్టుపని ఆవిడ భుజాల మీద ఎప్పుడూ రంగురంగుల దారపు పోగులుండేవి. మమ్మల్ని పిన్నీ, బాబాయ్ అని పిలిచింది. ఏ రోజు ఏ ఊళ్ళో సంతో, ఏ బస్సు ఎక్కాలో, ఏ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దుమ్ము కొడుతుందో చెప్పింది.

మొదటి ఊరు ఏటవాలు మీద ఉంది. సంత జరిగేది ఒకే వీధిలో, ఆ వీధి పైనుంచి కిందకి దిగుతుంది. పగిలే సరుకంతా పైన, దొర్లే సరుకంతా కింద పెట్టుకున్నారు. బంగాళాదుంప దొర్లినా కుండకి తగలదు. మంచి ఏర్పాటు. ఆ సంగతి ఆవిడకి చెబుదామని తిరిగితే ఆవిడ ఒక దుకాణం ముందు ఆగిపోయి ఉంది.

మూడు కర్రలు పైన కలిపి కట్టి, మధ్యలో ఇనుప కొక్కేనికి తక్కెడ వేలాడదీశారు. అమ్మే మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క దుకాణంలోనూ అదే. వీధి చివరి దాకా అంతే.

"చూశావా," అంది నెమ్మదిగా. "వేలాడదీశారు."

నాకు అర్థమైంది. మా దగ్గర వేలాడే తక్కెడంటే దొంగ తక్కెడ. చేతులు ఖాళీగా ఉన్నవాడు ఏమైనా చేస్తాడని మా వాళ్ళ నమ్మకం. ఎప్పుడో ఎక్కడి నుంచో ఒకడు అలాంటి తక్కెడతో మా సంతకి వస్తే మధ్యాహ్నం కాకుండానే సాగనంపారు. మా ఆవిడ ఆ వీధంతా నడిచింది, ఒక్కటీ కొనలేదు.

రెండో ఊరు ఏటి ఒడ్డున. సంత ఇసుకలో జరుగుతుంది. గొడుగుల నీడలో చేపలు, చాపలు, సీసాలు, పాత తాళాలు. తాళాలు అమ్మేవాడి దగ్గర తాళంచెవులు లేని తాళాలూ, తాళాలు లేని తాళంచెవులూ వేరువేరు పళ్ళాల్లో ఉన్నాయి. జత కుదిరితే నీ అదృష్టం అంటున్నాడు. అక్కడా తక్కెడలు కొక్కేలకే వేలాడుతున్నాయి. మా ఆవిడ తూచి అమ్మేవి ముట్టుకోలేదు. లెక్కపెట్టి అమ్మేవే కొన్నాం. అరటిపండ్లు, కోడిగుడ్లు, నిమ్మకాయలు. కుట్టుపని ఆవిడ గుడ్లు ఉడికించుకోవడానికి గిన్నె ఇస్తూ, రోజూ ఇవేనా బాబాయ్, కూర చేసుకోరా అని అడిగింది. ఏం చెప్పను? ఈ ఊళ్ళన్నీ దొంగలవని మా ఆవిడ అనుమానమని ఆ పిల్లతో ఎలా అంటాను? గుడ్లంటే ఇష్టమన్నాను. అయితే రేపు కూడా గిన్నె ఇస్తానంది.

మూడో ఊరు అన్నిటికంటే చిన్నది. బస్సు దిగితే ఒక చిన్న కూడలి. మధ్యలో ఇనుప స్తంభాల మీద రేకుల కప్పు, దాని కింద సంత. ఒక పక్క ఆగిపోయిన గడియారం, ఇంకో పక్క చిన్న ఆసుపత్రి. ఆసుపత్రి గోడకి ఆనుకుని సైకిళ్ళు. రేకుల మీద పావురాలు నడుస్తుంటే కింద గోళ్ళ చప్పుడు వినిపించేది.

ఒక స్తంభం దగ్గర చిక్కుడుకాయలు అమ్మే ఆవిడ కూర్చుని ఉంది. భారీ మనిషి, తలకి గుడ్డ చుట్టుకుంది. చిక్కుడుకాయలు రెండు రాశులు పోసి, లేతవి ముందు, ముదురువి వెనక పెట్టుకుంది. మా ఆవిడ కూడా అలాగే పోస్తుంది. అందుకేనేమో ఆగింది. వంగి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టప్ మంది. లేత కాయ.

"విరిచావు, ఇక కొనాలి," అంది చిక్కుళ్ళావిడ.

"చేత్తో ఎత్తి తూస్తే కొంటాను," అంది మా ఆవిడ.

చిక్కుళ్ళావిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. పక్కన తాళ్ళు అమ్మే ముసలాయన కూడా నవ్వాడు. నవ్వు మా ఆవిడకి నచ్చలేదు. స్తంభానికున్న కొక్కెం చూపించి, మా వైపు ఇలా వేలాడదీసిన తక్కెడని ఏమంటారో చెప్పేసింది. చిక్కుళ్ళావిడ నవ్వు ఆగిపోయింది. తన తల్లి కాలం నుంచీ ఈ స్తంభం దగ్గర ఉన్న కొక్కేన్ని ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదంది. అననివాళ్ళు కూరలు తిననివాళ్ళై ఉంటారంది మా ఆవిడ. జనం ఆగారు. వెల్లుల్లి అమ్మే ఆవిడ ఒక వైపు చేరింది, కత్తులు సాన పట్టేవాడు చక్రం ఆపి చెవి ఒగ్గాడు.

నేను కొంచెం దూరంగా నిలబడి ఉన్నాను. ఆపాలి. మొగుణ్ణి, పరాయి ఊరు. కానీ ఆవిడ గొంతు రేకులకి తగిలి మోగుతోంది. అంత గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఆపలేదు. ఇంకాస్త తిట్టుకోనీ అనుకున్నాను.

అప్పుడే ఆసుపత్రి ఆయా రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. చిక్కుళ్ళావిడ కూతురు కాన్పు కోసం పొద్దున్నే చేరిందట. ఇంకా టైముందని అందరూ అనుకున్నారట. ఇప్పుడు నొప్పులు ఎక్కువయ్యాయి, పిల్ల అమ్మ కావాలంటోంది.

చిక్కుళ్ళావిడ లేచి నిలబడింది. అటూ ఇటూ చూసింది. తాళ్ళాయనకి కళ్ళల్లో పొరలు, ముల్లు కనపడదు. వెల్లుల్లి ఆవిడ దగ్గర అప్పటికే జనం మూగారు. చూసి చూసి, నడుముకున్న చిల్లర సంచీ విప్పి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"నా తక్కెడ దొంగదన్నావు కదక్కా. కూర్చో. దొంగతనం ఎలా చెయ్యాలో నువ్వే చూపించు."

అంతే. చెప్పుల్లో కాళ్ళు సరిగా దూర్చకుండానే రోడ్డు దాటేసింది.

మా ఆవిడ చేతిలో సంచీ అలాగే ఉంది. నా వైపు చూసింది. కొత్త ఏరు దాటే ముందు ఎద్దు చూసే చూపు అది. అలాంటప్పుడు అదిలిస్తే దాటదు. ముందు మనం దిగాలి. నేను వెళ్ళి స్తంభం పక్కనున్న ఖాళీ గోనె మీద కూర్చున్నాను.

"కూర్చోమ్మా," అన్నాడు తాళ్ళాయన. "నువ్వు నిలబడితే బేరం నిలబడదు."

కూర్చుంది.

మొదట వచ్చింది చేతి సంచీ పట్టుకున్న ఒక పెద్దాయన. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి మానేశాడని తర్వాత తెలిసింది. లేతవి కావాలన్నాడు. మా ఆవిడ ఎడమ చేత్తో రాయి వేసింది, కాయలు వేసింది. తర్వాత, అలవాటు చొప్పున, కొక్కెం నుంచి తక్కెడ తీసి కుడి చేత్తో ఎత్తింది.

నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. చెయ్యి గుండె ఎత్తుకి వచ్చింది. మణికట్టు దగ్గర నరం కదిలింది. తక్కెడ ముందు సన్నగా వణికింది, తర్వాత గట్టిగా. ఒక పళ్ళెం వంగిపోయి చిక్కుడుకాయలు బండల మీద పడ్డాయి.

ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఇంటికి కూడా ఇదే బస్సులో వెళ్ళిపోదామంటుంది, జన్మలో సంత మొహం చూడదు, ఈ సెలవు లేకపోయినా బాగుండేది అనుకున్నాను. వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాను, తలెత్తకుండా ఉండొచ్చని.

పెద్దాయన కాయల వంక చూడటం లేదు. మా ఆవిడ చేతి వంక చూస్తున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరమ్మా నువ్వు? ఇక్కడ చేత్తో తూచరు."

"చేత్తో తూస్తేనే కదయ్యా నిజం."

"చేతికి బొటనవేలు ఉంటుంది," అన్నాడు ఆయన. "కొక్కేనికి ఉండదు."

కోపంగా అనలేదు. తెలియని పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ తాతల కాలంలో ఇక్కడా చేత్తోనే తూచేవారట. తాడు పట్టుకున్న చెయ్యి బొటనవేలితో కాడని ఇంత నొక్కితే చాలు, కొన్నవాడి కూర సగం ఆవిరి. దాని మీద ఎన్నో గొడవలు, తలలు కూడా పగిలాయి. అప్పుడు అందరూ కూర్చుని, తూచేవాళ్ళ చేతులు ఒళ్ళో ఉండాలని తీర్మానించుకున్నారట. కావాలంటే కొనేవాడే కాడని తిప్పి చూసుకోవచ్చు. అప్పటినుంచీ చేత్తో తక్కెడ ఎత్తినవాణ్ణి ఇక్కడ దొంగ అంటారట.

మా ఆవిడ తన బొటనవేలి వంక చూసుకుంది. నేనూ చూశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కాడ మీద వాలని వేలు. కానీ ఆ సంగతి ఈ పెద్దాయనకి ఎలా తెలుస్తుంది? వాళ్ళ కొక్కెం గురించి మాకెంత తెలుసో, మా వేలి గురించి ఆయనకీ అంతే తెలుసు. కొండకి ఇటువైపు ఒక నిజాయితీ, అటువైపు ఒక నిజాయితీ. రెండూ ఒకదాన్ని చూసి ఒకటి దొంగ అనుకుంటున్నాయి.

ఆవిడ ఎడమ చేత్తో తక్కెడని తిరిగి కొక్కేనికి తగిలించింది. నేను ఏరిన కాయలు పళ్ళెంలో పోసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, కొత్తగా బడికి వచ్చిన పిల్లలా.

పళ్ళాలు రెండుసార్లు ఊగాయి. ముల్లు నిలిచింది. చేత్తో ఎత్తినప్పుడు ముల్లు ఎంత నిలిచినా, లోపల ఊపిరున్నట్టు కొంచెం కదులుతూనే ఉంటుంది. ఇది గోడకి కొట్టిన మేకులా నిలిచిపోయింది. మా ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. పెద్దాయన సంచీ చాచి, చూసింది చాల్లేమ్మా, ఇందులో పొయ్యి అన్నాడు.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. మొదట ఆవిడ ఎంతయిందో చెప్పడానికి తప్ప నోరు విప్పలేదు. ఎవరో ఒకావిడ ధర తగ్గించమంటే మాత్రం, "తగ్గించడానికి కాయలు నావి కావమ్మా. నావైతే అసలే తగ్గించను," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఏదో ముడి వీడింది. అక్కడి నుంచి ఆగలేదు. ముదురు కాయలు ఏం చెయ్యాలో చెప్పింది. పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకామెకి వాడి చెవిపోటుకి ఏం చెయ్యకూడదో చెప్పింది. కత్తులు సాన పట్టేవాణ్ణి పిలిచి, నీ చక్రం నీళ్ళన్నీ నా రాశి మీదే పడుతున్నాయి, అటు తిప్పుకో నాయనా అంది. నా రాశి అంది. నేను విన్నాను.

"గంటస్తంభంలా అక్కడ కూర్చోకపోతే ఆ గంప ఇటు లాగొచ్చుగా," అంది నన్ను.

లాగాను. ఎండ తిరిగితే గోనె అడ్డం కట్టాను. నీళ్ళు తెచ్చాను. మీ ఆయన మాట్లాడడా అని తాళ్ళాయన ఆవిడనడిగాడు. "మాట్లాడతాడు. పెళ్ళిలో ఒకసారి మాట్లాడాడు," అంది మా ఆవిడ, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

నేను లేచి చేతిపంపు దగ్గరికి వెళ్ళాను. మొహం కడుక్కున్నాను. సంతలో దుమ్ము ఎక్కువ, కళ్ళలో పడుతుంది.

చిక్కుళ్ళావిడ రోడ్డు దాటి వచ్చేసరికి రాశి అడుగంటింది. తలగుడ్డ ఊడిపోయి మెడలో ఉంది. మొహం చూస్తేనే తెలిసింది. ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం. వెల్లుల్లి ఆవిడ లేచి కావలించుకుంది. తాళ్ళాయన, ఉయ్యాలకి తాళ్ళు నావేనన్నాడు. చిక్కుళ్ళావిడ అందరికీ జవాబు చెబుతూనే మొట్టమొదట స్తంభం వంక చూసింది. తక్కెడ కొక్కేనికే వేలాడుతోంది. చూసింది గానీ ఆ మాట ఎత్తలేదు. అందుకు ఆవిడకి నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆవిడే ఎత్తింది. "పిల్ల ఎంత తూగింది?"

చెప్పింది.

"ఎలా తూచారు?"

"ఎలా తూస్తారక్కా, గుడ్డలో వేసి కొక్కేనికి తగిలించారు."

"అయితే తూకం నిజమే," అంది మా ఆవిడ.

ఇద్దరూ ఎంత నవ్వారంటే పావురాలు లేచిపోయాయి. నవ్వు అయ్యాక మా ఆవిడ తన కుడిచెయ్యి చాచి చూపించింది. ఎవరికీ చూపించని చెయ్యి. ఇంట్లో కూడా కొంగు కింద దాచుకునేది. చిక్కుళ్ళావిడ ఆ మణికట్టు తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, వంకర ఉన్న చోట వేలితో తడిమింది.

"ఈ చెయ్యి పెట్టుకునా నన్ను చేత్తో ఎత్తి తూచమన్నావు?" అంది.

మా ఆవిడ తల వంచుకుంది. ఇంకేం మాట్లాడుకున్నారో నేను వినలేదు, రాయను. ఒకే గోనె మీద ఇద్దరూ ఇరుకుగా కూర్చుని మిగిలిన కాయలు అమ్మేశారు. చివరి బస్సు డ్రైవరు హారన్ కొట్టాక గానీ మా ఆవిడ లేవలేదు. లేస్తుంటే చిక్కుళ్ళావిడ ఒక పొట్లం ఇచ్చింది, లేతవి, పక్కకి తీసి ఉంచినవి. పైన పొద్దున మా ఆవిడ విరిచిన కాయ కూడా పెట్టింది.

"విరిచావు కదా. నీదే."

ఆ రాత్రి కుట్టుపని ఆవిడ పొయ్యి మీద మేము చిక్కుడుకాయలు వండుకున్నాం. గుడ్లు అయిపోయాయా బాబాయ్ అని ఆ పిల్ల ఎంతో సంతోషపడింది. రోజూ ఆ గిన్నె ఇవ్వడం ఆ పిల్లకి ఎంత బాధగా ఉండేదో నాకప్పుడు తెలిసింది.

మిగిలిన రోజుల్లో చూడని ఊళ్ళు ఇంకా చూశాం. గుర్రాల జీనులు కుట్టే ఊరు, వీధంతా బుట్టలల్లే ఊరు, సంత కంటే సంత తర్వాత పాటల గోలే ఎక్కువున్న ఊరు. ప్రతి ఊళ్ళోనూ ఆవిడ ఏదో ఒకటి తూచి ఇచ్చేదే కొంది. పావు అల్లం, పావు మిరపకాయలు. కొక్కెం ఎలా వంచారో, కర్రల పొడుగెంతో, కాళ్ళు నేలలో ఎంత దిగాయో చూసి నాతో చెప్పేది. నేనప్పటికే చూసి ఉండేవాణ్ణి, అయినా వినేవాణ్ణి. తిరుగు ప్రయాణానికి ముందు నేనొక్కణ్ణే మూడో ఊరి సంతకి మళ్ళీ వెళ్ళాను. తాళ్ళాయన దగ్గర గట్టి తాడు కొన్నాను. మూడు కర్రలు కలిపి కట్టే ముడి చూపించమన్నాను. కళ్ళు కనపడవు గదా, ఆయన చూపించలేదు. నా వేళ్ళు పట్టుకుని కట్టించాడు. బరువు పడేకొద్దీ బిగిసే ముడి. కట్టడం వచ్చేదాకా వదల్లేదు. బేరం వదులుకుని కూర్చున్నాడు. థాంక్స్ చెప్పడం నాకు చేతకాదు. ఇంకో బారెడు తాడు కొన్నాను. ఆయన నవ్వి, ఈ బారెడు దేనికయ్యా అన్నాడు. ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చాక అటక మీంచి గోనె దించాను. ఈసారి ఆవిడ దించమంది. కంచెలోంచి మూడు కర్రలు కొట్టి, చెక్కి, ఆ ముడి వేశాను. కమ్మరి దగ్గర కొక్కెం వంపించాను.

మా సంతలో మొదటి రోజు సుఖంగా జరగలేదు. మూడు కాళ్ళ కర్రలు పాతుతుండగానే మిరపకాయల ఆవిడ చూసింది. మా ఆవిడ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి సంతలో వీళ్ళిద్దరూ పక్కపక్కనే. "ఏమే, కొండవతలికి పోయి దొంగతనం నేర్చుకొచ్చావా?" అంది, అందరికీ వినపడేట్టు. కొందరు నవ్వారు. కొందరు వచ్చి, తక్కెడని చూసి, మొహమాటంగా పక్క గంప వైపు నడిచారు. మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆ వేళ్ళ వంక చూస్తున్నాను. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఇస్త్రీ చేసే ఆవిడ వచ్చింది. ఎప్పటి నుంచో ప్రతి సంతకీ మా దగ్గరే కొంటుంది. మాట తక్కువ మనిషి. నాకు ఆవిడంటే అందుకే గౌరవం. తక్కెడని చూసింది. కర్రలు చూసింది. మా ఆవిడ ఒళ్ళో ఉన్న చేతిని చూసింది. మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, చేతికైతే బొటనవేలు ఉంటుంది గానీ అని. ఇస్త్రీ ఆవిడ పూర్తిగా వినలేదు. ఒక వేలితో కాడని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముల్లు ఊగి, నిలిచింది.

"నీ చెయ్యి నాకు తెలుసు," అంది. "వెయ్యి."

మా ఆవిడ వంకాయలు వేసింది. తూగాక, కొసరుగా ఇంకొకటి వేసింది. నేనింత కాలం చూసిన కొసరుల్లో అదే పెద్దది.

మిరపకాయల ఆవిడ ఆ రోజంతా మాట్లాడలేదు. మూడో సంతకి, తన మోచేయి నొప్పిగా ఉందని, ఆ ముడి ఎలా వేస్తారో మీ ఆయన్ని చెప్పమను అని కబురు పెట్టింది. వెళ్ళి వేళ్ళు పట్టుకుని కట్టించాను. చూపించలేదు.

అల్లుడు ఫోన్ చేసి సెలవు ఎలా గడిచింది మామయ్యా అని అడిగాడు. బాగుందన్నాను. తర్వాత, చాలా బాగుంది నాయనా అన్నాను. మా అమ్మాయి ఫోన్ లాక్కుని, ఏమైంది నాన్నా, ఒంట్లో బాగానే ఉందా అని కంగారుగా అడిగింది.

మొదటి సంత రోజు సాయంత్రం సంగతి చెప్పి ఆపేస్తాను. గంప దించి, వసారా అంచున కూర్చుని, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ మా ఆవిడ మొదలుపెట్టింది. మిరపకాయల ఆవిడ మొహం ఎలా పెట్టింది, పక్క గంపకి పోయినవాళ్ళు ఎవరెవరు, వాళ్ళు వచ్చే వారం ఏ మొహంతో వస్తారు, అవతలి ఊళ్ళో ఆ పసిపిల్లకి ఈపాటికి పేరు పెట్టి ఉంటారా. చెంబు ఎడమ చేతిలో ఉంది. మాటల మధ్యలో కుడి చేతికి మార్చుకుంది, చూసుకోకుండా. కొంచెం ఒలికింది.

నేను విన్న ఆనందంలో ఊ కొట్టడం మర్చిపోయాను.

"నిద్రపోతున్నావా?" అంది.